నేలమట్టం దగ్గరి సందేహం: తంతి, టెలిఫోన్ స్తంభాల పరీక్షా చరిత్రలో సొంటి కామేశం ఆవిష్కరణ స్థానం

వ్యాససంగ్రహం:
తంతి, టెలిఫోన్ వ్యవస్థల చరిత్రను సాధారణంగా యంత్రాల చరిత్రగా, పాలనా చరిత్రగా రాస్తారు. ఆ తీగలను మోసిన స్తంభాల సంరక్షణ, వాటి పరీక్ష, వాటిపైకి ఎక్కిన కార్మికుల భద్రత ఆ చరిత్రలో అంచులకే పరిమితమయ్యాయి. భారతదేశంలో 1839 నాటి తొలి ప్రయోగాల నుండి 1933లో డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో సొంటి కామేశం రూపొందించిన కలప సంరక్షక మిశ్రమం వరకు, ఆ తరువాతి పరిణామాల వరకు స్తంభం ఎదుర్కొన్న సమస్యను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. స్తంభం ఎన్నేళ్లు మన్నుతుందన్నది ఒక ప్రశ్న. ఈ రోజు దానిపైకి మనిషి ఎక్కవచ్చా అన్నది మరొక ప్రశ్న. మొదటిదానికి రసాయన శాస్త్రం గొప్ప సమాధానం ఇచ్చింది. రెండోదానికి స్తంభం మొదట్లో జరిపే పరీక్ష ఒక్కటే సమాధానమని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: తంతి స్తంభాలు, టెలిఫోన్ తీగలు, కలప సంరక్షణ, సొంటి కామేశం, ఆస్కూ, లైన్‌మన్ భద్రత, సంరక్షణ చరిత్ర.

1. ఉపోద్ఘాతం

సాంకేతిక చరిత్రలో ఆవిష్కరణకు దక్కిన స్థానం సంరక్షణకు దక్కలేదు. ఒక వస్తువును ఎవరు, ఎప్పుడు కనుగొన్నారో చరిత్ర నమోదు చేస్తుంది. ఆ వస్తువు నిత్యం పనిచేయడానికి ఎవరు ఏ శ్రమ చేశారో అరుదుగా నమోదు చేస్తుంది. తంతి వ్యవస్థ ఇందుకు మంచి ఉదాహరణ. వలస పాలనను బలపరచడంలోను, 1857 తిరుగుబాటు కాలంలో వార్తలను చేరవేయడంలోను, వాణిజ్య ధరలను నగరాల మధ్య సమం చేయడంలోను తంతి నిర్వహించిన పాత్ర గురించి విస్తృతమైన చర్చ ఉంది. అయితే ఆ తీగ నేలకు అంటకుండా నిలవడానికి ఆధారమైన కర్ర గురించిన చర్చ తక్కువ.

స్తంభం చూపుకు సరళమైన వస్తువు. దానిలో కదిలే భాగం లేదు. తీగలో ప్రవహించే విద్యుత్తుతో దానికి ప్రమేయం లేదు. అందువల్ల దానికి చరిత్ర ఉండదన్న భావన సహజంగా ఏర్పడుతుంది. నిజానికి ఎండ, వాన, చెద, గాలి, నేలలోని తేమ దానిపై అనుక్షణం పనిచేస్తూనే ఉంటాయి. ఆ పని ఫలితం బయటికి కనిపించదు. కనిపించని ఆ మార్పును కనుగొనడానికి మనుషులు చేసిన ప్రయత్నమే స్తంభాల పరీక్షా చరిత్ర. తెలుగు ఇంటిపేరు గల ఒక శాస్త్రజ్ఞుని కృషి ఈ చరిత్రలో ప్రపంచవ్యాప్తమైన మలుపుకు కారణమైంది. ఆ మలుపు ఏ సమస్యను పరిష్కరించింది, దేనిని పరిష్కరించలేదు అన్నది వేరుచేసి చూడడం ఈ వ్యాసం లక్ష్యం.

2. వెదురు నుండి రాతి స్తంభం వరకు

భారతదేశంలో తంతి ప్రయోగాలకు ఆద్యుడు విలియం బ్రూక్ ఓషానెసీ. కలకత్తా వైద్య కళాశాలలో రసాయన శాస్త్ర ఆచార్యుడుగా ఉన్న ఆయన 1839లో ఆ నగరపు వృక్షశాస్త్ర ఉద్యానవనంలో వెదురు బొంగుల ఆధారంగా దాదాపు 21 మైళ్ల తీగను అమర్చి సంకేతాలు పంపాడు. ప్రయోగానికి వెదురు సరిపోయింది. శాశ్వత మార్గానికి అది సరిపోదన్నది అనుభవంలో తేలింది. 1851లో కలకత్తా, డైమండ్ హార్బర్‌ల మధ్య తంతి మార్గం ఏర్పడింది. డల్హౌసీ ప్రోత్సాహంతో 1853 నవంబరులో సుదూర మార్గాల నిర్మాణం మొదలైంది. 1854 మార్చిలో కలకత్తా నుండి ఆగ్రాకు వార్త చేరింది. 1855 నాటికి కలకత్తా, ఆగ్రా, బొంబాయి, మద్రాసు నగరాలను కలిపిన తంతి ప్రజలకు అందుబాటులోకి వచ్చింది.

ఇంత వేగంగా సాగిన నిర్మాణంలో స్తంభాలకు ఒకే నమూనా సాధ్యం కాలేదు. ఏ ప్రాంతంలో ఏది దొరికితే దానినే వాడవలసి వచ్చింది. వెదురు, తాడి, టేకు, సాలు వంటి కలపలు ఇందుకు ఉపయోగపడ్డాయి. దక్షిణాదిన మద్రాసు, బొంబాయిల మధ్య మార్గంలో కొంత దూరం తీగ గ్రానైటు స్తంభాల మీదుగా సాగింది. నేటికీ పొలం గట్లపై రాతి కూసాలు పాతే రాయలసీమ రైతుకు ఈ ఎంపికలోని తర్కం వివరించనక్కరలేదు. రాతికి చెద పట్టదు, తేమకు కుళ్లు రాదు. కానీ రాయి బరువు ఎక్కువ. రవాణా ఖర్చూ ఎక్కువే. అడ్డంగా పడే దెబ్బకు అది వంగదు, విరుగుతుంది.

ఓషానెసీ యూరప్‌లో వాడే సన్నని తీగకు బదులు లావైన ఇనుప కడ్డీని ఎంచుకున్నాడు. పక్షులు, కోతులు వాలినా, స్తంభం పడి తీగ నేలను తాకినా, దాని మీదుగా బండ్లు నడిచినా తెగకూడదన్నది ఆయన ఆలోచన. తీగను ఆయన ప్రమాదాన్ని దృష్టిలో ఉంచుకొని ఎంపిక చేశాడు. స్తంభం విషయంలో అంతటి స్వేచ్ఛ ఆయనకు లేదు. స్తంభం పడిపోవచ్చునన్న అంచనా ఆ తీగ లావులోనే ఇమిడి ఉందని గ్రహించాలి. భారతీయ తంతి తొలి రూపకల్పన స్తంభం కూలడాన్ని అసాధారణ ఘటనగా భావించలేదు. మామూలుగా జరిగేదానిగానే లెక్కించింది.

3. చట్టం చూపులో స్తంభం

1885 నాటి భారత టెలిగ్రాఫ్ చట్టం స్తంభాలకు సుదీర్ఘమైన చట్టబద్ధ జీవితాన్ని ఇచ్చింది. ఈ చట్టంలోని 10వ విభాగం స్థిరాస్తి పైన, కింద, మీదుగా తంతి మార్గాన్ని, స్తంభాలను ఏర్పాటు చేసి నిర్వహించే అధికారాన్ని టెలిగ్రాఫ్ అధికారికి ఇచ్చింది. వీలైనంత తక్కువ నష్టం కలిగించాలని, కలిగిన నష్టానికి పరిహారం చెల్లించాలని నిర్దేశించింది. మరమ్మతు కోసం, తొలగింపు కోసం ఇతరుల ఆస్తిలో ప్రవేశించే అధికారాన్ని 11వ విభాగం ఇచ్చింది. వార్తా ప్రసారానికి అడ్డు తగిలే చెట్లను మేజిస్ట్రేటు ఉత్తర్వుతో తొలగించే వీలును 18వ విభాగం కల్పించింది. ఉద్దేశపూర్వకంగా తంతిని పాడుచేసిన వారికి 25వ విభాగం మూడేళ్ల వరకు జైలుశిక్ష విధించింది.

ఈ విభాగాలను వరుసగా చదివినప్పుడు ఒక విషయం స్పష్టమవుతుంది. చట్టం స్తంభాన్ని భూయజమాని, చెట్టు, నేరస్థుడు అనే మూడు వైపుల నుండి కాపాడింది. స్తంభం లోపలి నుండి వచ్చే ముప్పు దాని దృష్టిలో లేదు. ఎన్నాళ్లకోసారి స్తంభాన్ని పరీక్షించాలి, ఏ స్థితిలో దానిని తొలగించాలి, బలహీనమైన స్తంభం ఎక్కమని ఎవరు ఎవరిని ఆదేశించవచ్చు అన్న ప్రశ్నలు ఈ చట్టం పరిధికి బయటనే ఉండిపోయాయి. అవి శాఖాపరమైన నిబంధనలకు, పని నేర్పే మేస్త్రీల అనుభవానికి మిగిలాయి. 1882 జనవరి 28న కలకత్తా, బొంబాయి, మద్రాసు నగరాల్లో టెలిఫోన్ ఎక్స్ఛేంజీలు ప్రారంభమైన తరువాత నగర వీధుల్లో తీగల సంఖ్య పెరిగింది. ఊరి బయట పొలంలో కూలిన తంతి స్తంభం వార్తను ఆపుతుంది. జనం తిరిగే వీధిలో కూలిన టెలిఫోన్ స్తంభం ప్రాణాన్ని తీయవచ్చు. ఆ వీధుల్లోకే తరువాత విద్యుత్ తీగలు కూడా రావడంతో ఈ ప్రమాదం రెట్టింపైంది.

4. కుళ్లు పుట్టే చోటు

స్తంభాల పరీక్షను అర్థం చేసుకోవడానికి కలప కుళ్లే తీరును తెలుసుకోవాలి. కలపను తినే శిలీంధ్రాలకు తేమ, గాలి, తగిన వెచ్చదనం, ఆహారం అవసరం. స్తంభం పైభాగంలో గాలి ఉంటుంది, ఎండవల్ల తేమ నిలవదు. నేలలో బాగా లోతున తేమ ఉంటుంది, గాలి చాలదు. ఈ రెండూ కలిసి లభించే చోటు నేలమట్టానికి కొద్దిగా పైన మొదలై, నేలలో అడుగు, అడుగున్నర లోతు వరకు ఉండే పట్టీ. చెదపురుగులు కర్రలోకి చేరేదీ ఎక్కువగా ఈ భాగం నుండే.

దురదృష్టవశాత్తు స్తంభంపై గాలి తోపు, తీగల లాగుడు కలిగించే వంపు బలం కూడా నేలమట్టం దగ్గరే అత్యధికం. ఒక చివర నేలలో బిగిసి, మరో చివర స్వేచ్ఛగా ఉన్న కడ్డీని పైన నెట్టితే మొదట్లో విరగడం అందరికీ తెలిసిన విషయమే. అంటే స్తంభానికి ఎక్కడ బలం అన్నింటికన్నా ఎక్కువ అవసరమో అక్కడే అది అన్నింటికన్నా ముందు బలహీనపడుతుంది. ఆ చోటులో సగం మట్టిలో దాగి ఉంటుంది. పరీక్షా పద్ధతులన్నీ ఈ వైరుధ్యం చుట్టూ ఏర్పడినవే.

కుళ్లు ఎంత అన్నదానితో పాటు ఎక్కడ అన్నది కూడా ముఖ్యం. గుండ్రని కర్ర వంపును తట్టుకునే శక్తి దాని వ్యాసపు ఘనానికి అనుపాతంలో ఉంటుంది. 15 సెంటీమీటర్ల వ్యాసార్థం గల స్తంభంలో చుట్టూ కేవలం ఒకటిన్నర సెంటీమీటరు పైపొర మెత్తబడి పోయిందనుకుంటే, వ్యాసార్థంలో పోయింది 10 శాతమే అయినా బలంలో 27 శాతం పోతుంది. అదే స్తంభం మధ్యలో వ్యాసార్థంలో సగం మేర గుల్ల ఏర్పడితే పోయే బలం 6 శాతానికి కాస్త పైన మాత్రమే. గుల్ల వ్యాసార్థంలో 80 శాతానికి పెరిగినప్పుడు మాత్రం నష్టం 41 శాతానికి చేరుతుంది. లోపలి పెద్ద గుల్ల కన్నా బయటి పలుచని కుళ్లు ప్రమాదకరం కావచ్చునన్న ఈ లెక్క పరీక్షకుడి అనుభవానికి ఎప్పుడూ ఎదురుగానే నిలిచింది. చెవికి గుల్ల వినిపిస్తుంది. మట్టి కింది మెత్తని పొర వినిపించదు.

5. సుత్తి, గునపం, బరమా

కర్ర స్తంభాల పరీక్ష మూడు మెట్లుగా రూపొందింది. మొదటిది ధ్వని పరీక్ష. సుత్తితో స్తంభం చుట్టూ, నేలమట్టం నుండి మనిషి ఎత్తు దాటే వరకు కొడతారు. గట్టి కర్ర కంగుమంటుంది, సుత్తి చేతికి ఎదురు తన్నుతుంది. లోపల పుచ్చు ఉంటే శబ్దం బొదబొదగా వస్తుంది. కుండను తట్టి కొనే గృహిణి, కొబ్బరికాయను తట్టి చూసే వర్తకుడు పాటించే సూత్రమే ఇది. ఈ పరీక్ష త్వరగా ముగుస్తుంది. దీనికి చదువుకన్నా చెవి ముఖ్యం. అయితే తడిసిన కర్ర, లోతైన బీటలు ఉన్న కర్ర, తీగల బిగువు ఎక్కువగా ఉన్న కర్ర చెవిని మోసగించగలవు.

రెండోది తవ్వి చూసే పరీక్ష. స్తంభం మొదట్లో మట్టి తీసి, పైపొరను పదునైన పనిముట్టుతో గుచ్చి, మెత్తబడిన భాగాన్ని గీకి, మిగిలిన గట్టి కర్ర చుట్టుకొలతను కొలుస్తారు. పైన చెప్పిన లెక్క ప్రకారం అత్యంత ముఖ్యమైన సమాచారం ఇచ్చేది ఈ మెట్టే. అన్నింటికన్నా శ్రమతో కూడినదీ ఇదే. ఎండిన నల్లరేగడిలో గడ్డపారతో అడుగున్నర తవ్వడం, మళ్లీ పూడ్చి దిమ్మిస చేయడం ఒక్కో స్తంభానికి ఎంత సమయం తీసుకుంటుందో ఊహించవచ్చు. అందువల్ల పని ఒత్తిడి పెరిగినప్పుడు ముందుగా జారిపోయేది ఈ మెట్టే.

మూడోది బరమాతో సన్నని రంధ్రం చేసి లోపలి కర్రను పరిశీలించడం. బయటికి వచ్చిన పొట్టు రంగు, వాసన, తేమ, బరమా దిగేటప్పుడు ఎదురయ్యే పట్టు లోపలి స్థితిని చెబుతాయి. గట్టి పొర మందం ఎంత మిగిలిందో దీనివల్ల తెలుస్తుంది. పరీక్ష తరువాత ఆ రంధ్రాన్ని మందు పట్టించిన మేకుతో మూయకపోతే అదే కొత్త కుళ్లుకు దారి అవుతుంది.

పరీక్ష ఫలితాన్ని స్తంభంపైనే నమోదు చేసే ఆచారం కూడా ఈ చరిత్రలో భాగమే. బ్రిటన్‌లో స్తంభం అడుగు నుండి 3 మీటర్ల ఎత్తున గుర్తు చెక్కుతారు. ఆ గుర్తు నేలకు ఎంత ఎత్తున ఉందో చూసి స్తంభం ఎంత లోతున పాతి ఉందో, తరువాత మట్టి కోతకు గురైందో లేదో చెప్పవచ్చు. ఎక్కడానికి పనికిరాని స్తంభానికి ‘డి’ అక్షరంతో హెచ్చరిక గుర్తు తగిలిస్తారు. ఈ గుర్తులు దస్తావేజులు చూసే అవకాశం లేని కార్మికుని కోసం ఏర్పడ్డాయి. స్తంభం తన చరిత్రను తన ఒంటిపైనే మోస్తూ, తనను ఎక్కబోయే వారికి చదివి వినిపిస్తుంది.

6. సొంటి కామేశం కృషి

పరీక్షలో దొరికిన కుళ్లును ఎలా ఆపాలన్న ప్రశ్నకు 19వ శతాబ్దంలోనే సమాధానాలు మొదలయ్యాయి. 1838లో జాన్ బెతెల్ మూసిన ఇనుప తొట్టిలో కర్రను ఉంచి, గాలిని తోడి, ఒత్తిడితో క్రియోసోట్ నూనెను ఎక్కించే పద్ధతికి పేటెంట్ పొందాడు. అదే కాలంలో ఫ్రాన్సులో బూషెరీ పచ్చి కర్రలోకి మైలుతుత్తం ద్రావణాన్ని పంపే పద్ధతిని రూపొందించాడు. క్రియోసోట్ సమర్థమైనదే కానీ అది బొగ్గు తారు నుండి తీసే చిక్కని నూనె. దానిని దూర ప్రాంతాలకు మోయాలి, వేడి చేయాలి. పైగా ఎక్కేవారి బట్టలకు, చర్మానికి అంటుతుంది. మైలుతుత్తం చవక, నీటిలో కరుగుతుంది. నీటిలో కరిగేది వానకు కొట్టుకుపోతుంది. ఇనుప మేకులను తినేస్తుంది. సంరక్షక లవణం కర్రలోకి పోయేటప్పుడు నీటిలో కరగాలి, పోయాక కరగకూడదు. కలప సంరక్షణ రసాయన శాస్త్రానికి ఎదురైన చిక్కుముడి ఇదే.

ఈ ముడిని విప్పినవాడు సొంటి కామేశం. 1906లో ఏర్పడిన డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో కలప సంరక్షణపై పనిచేస్తూ ఆయన 1933లో రాగి, క్రోమియం, ఆర్సెనిక్ లవణాల మిశ్రమాన్ని రూపొందించాడు. ఆర్సెనిక్, రాగి మూలకాల సంకేతాలను కలిపి దానికి ‘ఆస్కూ’ అన్న పేరు ఏర్పడింది. 1938 ఫిబ్రవరిలో దీనికి అమెరికా పేటెంట్ లభించింది. భారతీయ వినియోగంలో స్థిరపడిన పాళ్లు ఒక వంతు ఆర్సెనిక్ పెంటాక్సైడు, మూడు వంతుల మైలుతుత్తం, నాలుగు వంతుల సోడియం లేదా పొటాషియం డైక్రోమేటు.

ఈ మిశ్రమంలో ప్రతిదానికీ ఒక పని ఉంది. రాగి శిలీంధ్రాలను అడ్డుకుంటుంది. ఆర్సెనిక్ చెదలను, రాగికి లొంగని శిలీంధ్రాలను అడ్డుకుంటుంది. క్రోమియం ఈ రెండింటినీ కర్రలో బంధిస్తుంది. డైక్రోమేటులోని క్రోమియం కలపలోని పదార్థాలతో చర్య జరిపి తన స్థితిని మార్చుకుంటుంది. ఆ క్రమంలో రాగి, ఆర్సెనిక్‌లను నీటిలో తేలికగా కరగని రూపంలో కర్రకు అతికిస్తుంది. కరిగి లోపలికి వెళ్లి, వెళ్లాక కరగని స్థితికి రావడం అన్న అవసరం ఇలా నెరవేరింది. పొడిగా మోసుకెళ్లి స్థానికంగా నీటిలో కలుపుకోగల ఈ మందు, టేకు వంటి చేవగల ఖరీదైన కలపపై ఆధారపడవలసిన అవసరాన్ని తగ్గించింది. చేవలేని సాధారణ కలపకూ దీర్ఘాయువు సాధ్యమైంది.

1930ల చివరి నుండి అమెరికాలో బెల్ టెలిఫోన్ వ్యవస్థ ఈ తరహా ఆకుపచ్చ లవణం పట్టించిన స్తంభాలను వాడకంలోకి తెచ్చింది. మిసిసిపీ రాష్ట్రంలోని సాసియర్ దగ్గర 1938లో మొదలైన అమెరికా అటవీ ఉత్పత్తుల ప్రయోగశాల క్షేత్ర పరీక్షలు ఇలాంటి మందులు పట్టించిన కర్రలను దశాబ్దాల పాటు నేలలో ఉంచి పరిశీలించాయి. ఇరవయ్యో శతాబ్దపు ద్వితీయార్ధంలో ప్రపంచంలో అత్యధికంగా వాడిన కలప సంరక్షకాల్లో ఈ మిశ్రమం ఒకటైంది. ఇంతటి విస్తృతి పొందిన ఆవిష్కరణకు మూలపురుషుని పేరు తెలుగునాట ఆయన పని స్థాయిలో ప్రచారం పొందకపోవడం సంరక్షణ చరిత్రకు దక్కిన స్థానాన్నే సూచిస్తుంది.

7. మారిన లోపం, మారని సందేహం

ఆస్కూ స్తంభం ఆయువును పెంచింది. స్తంభంపై సందేహాన్ని తొలగించిందా అన్నది వేరే ప్రశ్న. మందు సాధారణంగా కర్ర వెలుపలి లేత పొరలోకే బాగా చొచ్చుకుపోతుంది. మధ్యనున్న చేవ దానిని అంతగా స్వీకరించదు. స్తంభం నేలలో నిలిచాక ఎండకు బీటలు వారుతుంది. మందు పట్టిన పొరను దాటి ఆ బీట లోపలికి పోతే తేమ, శిలీంధ్రాలు మందు లేని భాగాన్ని చేరతాయి. అప్పుడు బయట పచ్చగా, గట్టిగా కనిపించే స్తంభం లోపల గుల్ల అవుతుంది. మందులేని కర్రలో కుళ్లు వెలుపల మొదలై లోపలికి నడిచింది. మందు పట్టిన కర్రలో అది లోపలే పుట్టి వెలుపలికి నడుస్తుంది. లోపం దిశ మారింది కాని, దాగి ఉండే దాని గుణం మారలేదు.

ఈ మార్పు పరీక్షకు కొత్త బాధ్యతను తెచ్చింది. కొత్తగా కనిపించేది గట్టిదన్న నమ్మకాన్ని వదులుకోవలసి వచ్చింది. బయటి పొర బాగున్నప్పుడు సుత్తి, బరమాల ప్రాధాన్యం పెరిగింది. అమెరికా జాతీయ విద్యుత్ భద్రతా నియమావళి స్తంభం బలం స్థాపన నాడు అవసరమైన దానిలో మూడింట రెండు వంతులకు తగ్గినప్పుడు దానిని మార్చాలని లేదా బలపరచాలని నిర్దేశించింది. నేలమట్టం దగ్గర సరిగ్గా అవసరమైనంత బలమే ఉన్న 15 సెంటీమీటర్ల వ్యాసార్థపు స్తంభం విషయంలో, చుట్టూ రెండు సెంటీమీటర్ల లోపు పైపొర పోవడమే ఈ హద్దును దాటడానికి చాలు. నియమం అంకెలో ఉంది. ఆ అంకెను నిర్ధారించే కొలత మట్టిలో ఉంది.

ఆస్కూ వారసత్వానికి మరో వైపు కూడా ఉంది. ఆర్సెనిక్ విషపదార్థం కావడంతో ఈ మందు పట్టించిన కలపను ఇళ్లలో, పిల్లల ఆటస్థలాల్లో వాడడంపై ఆందోళన పెరిగింది. అమెరికాలో తయారీదారులు 2003 డిసెంబరు 31 నాటికి గృహావసరాలకు దీనిని వాడడం స్వచ్ఛందంగా మానుకున్నారు. స్తంభాల వంటి పారిశ్రామిక అవసరాలకు అక్కడ వాడకం కొనసాగింది. కర్రను కాపాడే మందే దానిని కోసేవారికి, తగలబెట్టేవారికి హాని కావచ్చునన్న ఎరుక ఇలా సంరక్షణ చర్చలోకి వచ్చింది.

8. నిలబడిన స్తంభం, ఎక్కే మనిషి

స్తంభం నిలబడి ఉండడమే దాని బలానికి సాక్ష్యమని భావించడం లైన్ పనిలో అత్యంత ప్రమాదకరమైన పొరపాటు. తిన్నని మార్గంలో ఉన్న స్తంభాన్ని రెండు వైపుల తీగలు సమానంగా లాగుతాయి. మొదలు పూర్తిగా కుళ్లిన స్తంభం కూడా ఈ సమతూకం వల్ల, పక్క స్తంభాల ఆసరాతో ఏళ్ల తరబడి నిటారుగా ఉండగలదు. అలాంటి చోట స్తంభం తీగను మోయదు, తీగే స్తంభాన్ని మోస్తుంది. మరమ్మతు కోసం లైన్‌మన్ పైకెక్కి ఒక వైపు తీగను విప్పిన క్షణంలో ఆ సమతూకం చెదురుతుంది. నడుముకు కట్టుకున్న బెల్టు అప్పుడు అతనిని కాపాడదు, కూలే స్తంభానికే బంధిస్తుంది. వంపు దగ్గర, చివరి స్తంభం దగ్గర స్టే తీగను ముందుగా వదులు చేసినా ఇదే ప్రమాదం. ఎక్కకముందు మొదలు పరీక్షించాలని, అనుమానం ఉంటే తాళ్లతోనో ఊతకర్రలతోనో స్తంభాన్ని నిలదొక్కించాలని, లేదా ఎక్కకుండా నిచ్చెన బండి వాడాలని లైన్ పనిలో చెప్పే నియమాలు ఈ కారణంగా పుట్టినవే.

ఇక్కడే రెండు ప్రశ్నలు విడిపోతాయి. సంస్థ దృష్టిలో స్తంభం ఒక ఆస్తి. అది సగటున ఎన్నేళ్లు మన్నుతుందన్నది సంస్థ ప్రశ్న. వేల స్తంభాల సగటుపై ఆ సమాధానం ఆధారపడుతుంది. కామేశం కృషి ఆ సగటును గణనీయంగా పెంచింది. కార్మికుని దృష్టిలో స్తంభం ఒక్కటే, తాను ఎక్కబోయేది. దాని విషయంలో సగటుకు అర్థం లేదు. సగటు ఆయువు పెరిగినకొద్దీ ఒక్కో స్తంభం ఎక్కువ కాలం కనుమరుగుగా, పరీక్ష లేకుండా ఉండిపోయే అవకాశమూ పెరుగుతుంది. మన్నికపై నమ్మకం పరీక్షకు ప్రత్యామ్నాయంగా మారిన చోట ఆవిష్కరణ ఫలం సంస్థకు, మిగిలిన ప్రమాదం లైన్‌మన్‌కు దక్కుతాయి.

9. ఇనుము, కాంక్రీటు: పదార్థం మారినా

భారతదేశంలో తంతి, టెలిఫోన్ మార్గాలకు గొట్టపు ఇనుప స్తంభాలు విస్తృతంగా వచ్చాయి. తరువాతి కాలంలో గ్రామీణ విద్యుత్ మార్గాలకు పూర్వబిగువు కాంక్రీటు స్తంభాలు వచ్చాయి. చెదకు ఇవి లొంగవు. అయితే ఇనుముకు తుప్పు ఉంది. తేమ, గాలి కలిసే నేలమట్టం దగ్గర అది కూడా ఎక్కువే. కాంక్రీటులో పగులు ద్వారా నీరు లోపలి ఉక్కు తీగలను చేరితే అవి తుప్పుపట్టి ఉబ్బి కాంక్రీటును ఇంకా పగులగొడతాయి. తీరప్రాంతపు ఉప్పుగాలిలో ఈ క్రమం వేగవంతమవుతుంది. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెన, 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుపాను స్తంభాలను, తీగలను కూల్చి సమాచార, విద్యుత్ వ్యవస్థలను స్తంభింపజేసిన తీరు తెలుగు ప్రాంతాల జ్ఞాపకంలో ఉంది. అంతటి గాలికి గట్టి స్తంభం కూడా కూలవచ్చు. ముందే బలహీనపడిన స్తంభం మాత్రం తనతో పాటు తీగకు కట్టుబడిన పక్క స్తంభాలనూ లాగుతుంది.

1956 నాటి భారత విద్యుత్ నిబంధనలు ఓవర్‌హెడ్ లైన్ల స్తంభాలకు నిర్దేశించిన భద్రతా గుణకాలు ఈ చరిత్రను అంకెల్లో చెబుతాయి. యంత్రాలతో తయారైన కాంక్రీటు స్తంభానికి 2.0, చేతితో పోసిన కాంక్రీటు స్తంభానికి 2.5, కర్ర స్తంభానికి 3.0. పదార్థం లోపలి స్థితిపై అనిశ్చితి పెరిగినకొద్దీ గుణకం పెరిగింది. అవే నిబంధనలు వీధి దాటే తక్కువ, మధ్యస్థ వోల్టేజీ తీగకు నేల నుండి 5.8 మీటర్ల కనీస ఎత్తును విధించాయి. విద్యుత్ తీగ, టెలిఫోన్ తీగ ఒకదానినొకటి దాటే చోట రక్షణ ఏర్పాట్లను కోరాయి. స్తంభం కొద్దిగా ఒరిగినా, తీగ వదులైనా ఈ ఎత్తులు, దూరాలు తగ్గుతాయి. తీగ భద్రతను కొలవాలంటే మళ్లీ స్తంభం మొదటికే రావలసి ఉంటుంది.

10. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

• భారతీయ తంతి నిర్మాణం తొలినాళ్ల నుండి స్తంభం వైఫల్యాన్ని లెక్కలోకి తీసుకుంది. 1885 చట్టం మాత్రం స్తంభాన్ని బయటి వారి నుండి కాపాడడానికే పరిమితమైంది.

• కర్ర స్తంభంలో గరిష్ఠ వంపు బలం, గరిష్ఠ కుళ్లు నేలమట్టం దగ్గరే కలుస్తాయి. తవ్వి చూసే పరీక్ష అత్యంత ముఖ్యమైనది. శ్రమ ఎక్కువ కావడం వల్ల అదే ముందుగా వదిలివేతకు గురవుతుంది.

• సొంటి కామేశం 1933లో రూపొందించిన మిశ్రమం కరిగి చొచ్చుకుపోవడం, చొచ్చుకుపోయాక కరగకపోవడం అనే రెండు పరస్పర విరుద్ధ అవసరాలను కలిపి తీర్చింది. అది స్తంభం ఆయువును పెంచి, లోపం పుట్టే చోటును మార్చింది. లోపాన్ని వెతకవలసిన అవసరాన్ని తొలగించలేదు.

• స్తంభం మన్నిక, ఎక్కే మనిషి భద్రత వేర్వేరు ప్రశ్నలు. మొదటిది సగటుతో తీరుతుంది. రెండోది ప్రతి స్తంభం దగ్గర, ప్రతిసారీ కొత్తగా తేల్చుకోవలసింది.

కేబుళ్లు నేలలోకి, సంకేతాలు గాలిలోకి మారుతున్న కాలంలో కూడా కోట్ల స్తంభాలు వీధుల్లో నిలిచే ఉన్నాయి. కేబుల్ టీవీ తీగలు, ఆప్టికల్ ఫైబర్ తీగలు వాటికి కొత్త బరువును చేరుస్తున్నాయి. కామేశం జీవితం, కృషిపై తెలుగులో సమగ్రమైన అధ్యయనం జరగాలి. దానితో పాటు లైన్‌మన్ల పని పదజాలాన్ని, పరీక్షా నైపుణ్యాలను వారి నోటనే సేకరించడం కూడా పరిశోధకులు చేపట్టదగిన పని. సుత్తి దెబ్బకు వచ్చే శబ్దంలో మంచిచెడులను గుర్తించే జ్ఞానం నియమావళిలో రాసి ఉండదు. ఆ చెవులున్న తరం పని విరమిస్తున్నప్పుడు సేకరించకపోతే అది మరెక్కడా దొరకదు.